ఆగకూడని లైను

"పైకెళ్ళి ఎవరెత్తుతారండీ ఆ స్విచ్చి? మీరెత్తుతారా?"

"ఇందుజ గారూ, కాస్త నెమ్మదిగా. పరీక్షలన్నీ పాసయ్యాయి కదండీ."

"పాసవక ఏమవుతాయి? ప్రశ్నలు రాసింది నేనే, జవాబులు రాసిందీ నేనే."

ఉపగ్రహాలకి కరెంటు పంచే పెట్టెలు చేస్తుందా కంపెనీ. వట్లూరులో రెండు గదులు. లోపల అరుస్తున్నది ఆ పెట్టె డిజైను చేసిన ఇంజనీరు ఇందుజ. బతిమాలుతున్నది మేనేజరు ఫణికిరణ్. నేను ఇవతల గదిలో వాళ్ళ ఇన్వర్టరు విప్పుకుని కూర్చున్నాను. బీటెక్ మధ్యలో వదిలేసి తాడేపల్లిగూడెంలో మోటార్లు, ఇన్వర్టర్లు బాగుచేస్తుంటాను. తలుపు తీసే ఉంది, విన్నాను.

"రేపు పెట్టె వెళ్ళాలండీ. రాకెట్టు మనకోసం ఆగదు," అన్నాడాయన.

"ఎగిరాక నేను ఆగమన్నా ఆగదు."

ఆయన విసురుగా బయటికొచ్చి, "మీ పని మీరు చూసుకోండి బాబూ" అని నామీద పడి వెళ్ళిపోయాడు. వెనకాలే ఆవిడ వచ్చింది. ఎప్పుడొచ్చినా చూస్తాను, ఆవిడ ఫ్యాను వేసినా స్విచ్చి మీంచి వెంటనే చెయ్యి తీయదు. బోర్డుకి ముక్కు ఆనించి కాలిన వాసన వెతుకుతుంది.

"ఇంతకీ దేనికండీ మీ భయం?" అనడిగేశాను.

చెప్పింది. పెట్టెలోంచి ఒక్కో యంత్రానికి ఒక్కో లైను. ఎక్కడ షార్టయితే ఆ లైను స్విచ్చి పడిపోతుంది, మిగతావి బతుకుతాయి. కిందనుంచి కబురు పంపితే మళ్ళీ లేస్తుంది. చిక్కల్లా రిసీవరుతోనే. కబురు వినేది అదే. అది ఆరిపోతే ఎంత మొత్తుకున్నా వినే చెవి లేదు. అందుకని ఆ స్విచ్చి పడ్డా తనంతట తనే మళ్ళీ మళ్ళీ లేచేలా పెట్టింది.

"మంచిదేగా!"

"మా నాన్నగారూ మంచిదనే అనుకున్నారు."

వాళ్ళది కైకలూరు. తండ్రి కనకరాజుకి రొయ్యల చెరువులుండేవి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య బతకదు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఆయన దాని చోట మందపాటి తీగ చుట్టేశాడు. ఇక ఆగదనుకున్నాడు. ఒక మోటారు కాలింది. పోవడానికి ఫ్యూజు లేదు. మెయిన్ కేబులే కాలి, అన్ని చెరువుల్లోనూ ఏరియేటర్లు ఆగిపోయాయి.

"నేనప్పుడు ఇంటర్. నాన్నగారూ నేనూ నడుం లోతు నీళ్ళలో దిగి చేతుల్తో నీళ్ళు కొట్టామండీ, గాలి ఎక్కుతుందేమోనని. రొయ్యలు మా చేతుల కిందే తేలిపోయాయి."

చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను.

"ఆయన తెలివితక్కువవాడు కాదు వినయ్ గారూ. ఆగితే చస్తాయని భయపడ్డారు. నేనూ ఆ భయంతోనే ఆ లైను ఆగకుండా చేశాను. అక్కడ నిజంగానే షార్టయి, అది లేస్తూ పడుతూ బ్యాటరీని తినేస్తే? నేనూ తీగే చుట్టానేమో!"

"లెక్క చూసుకున్నారు కదండీ?"

"నాకు తోచిన చెడుకే లెక్క సరిపోయింది. తోచనిది?"

లేచి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. బల్ల మీద, రేపు వెళ్ళేదానికి జంట పెట్టె ఉంది, పరీక్షల కోసం ఇక్కడే ఉండిపోయేది. దాని మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసింది.

"నేను బయట కూర్చుంటాను. మోటార్లు ఎన్ని రకాలుగా చెడతాయో మీరు చూశారు, దీన్ని అన్ని రకాలుగానూ చెడగొట్టి చూడండి. ఏం చేశారో మాత్రం నాకు ముందు చెప్పొద్దు," అంది.