చక్రం కింద నిమ్మకాయ

బండి స్టార్టయింది. ఇరవై ఏళ్ళకు పైగా కార్ల షెడ్డులో మూలన పడి, ఎలుకలకు కాపురమిచ్చిన మోటారు సైకిలు ఆరో కిక్కుకు దగ్గి, తుమ్మి, గర్జించింది. బాబా, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, ఆనందంతో దానిమీద ఎక్కి రెండడుగులు ముందుకు పోనిచ్చాడు. ముందు చక్రం కింద నేను పెట్టిన నిమ్మకాయ పచ్చుమని పగిలింది. అది చూసి మామా, అంటే బాబా భార్య, వేసిన కేకకు పక్క విల్లాలో పావురాలు లేచిపోయాయి. వాటితోపాటు నా విడుదల కూడా ఎగిరిపోయింది.

ఇదెలా జరిగిందో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. మీరు నవ్వాల్సింది కిందటేటి నన్ను చూసి. వాడు నాకంటే వయసులో ఏడాది చిన్న, బుద్ధిలో పదేళ్ళు చిన్న.

కోనసీమలో పదకొండేళ్ళు పత్రికా విలేకరిగా చేసి, కువైట్‌లో అర్దియాలో ఇంటి డ్రైవరునయ్యాను. ఎందుకయ్యానని అడక్కండి, విలేకరి జీతం తెలిసినవాళ్ళు అడగరు. షువైఖ్‌లో ఒక ముద్రణాలయం వాళ్ళు నన్ను తీసుకుంటామన్నారు. కానీ ఇంటి వీసా మీద వచ్చినవాడు కంపెనీకి మారే తలుపు సర్కారు ఎప్పుడో గాని తియ్యదు. ఆ వేసవిలో తీసింది. తలుపు తీసినా గడప దాటించాల్సింది కఫీలే. ఆయన తన ఫోన్లో, సర్కారు యాప్‌లో 'సరే' అని ఒక్కసారి వేలు నొక్కితే చాలు.

ఆ మాట అడిగితే బాబా షెడ్డువైపు చూపించాడు. "నా పెళ్ళికి ముందు కొన్న బండి. దాన్ని నడిపించు. నడిచిన రోజే నొక్కుతా. నీకు బండి పని వచ్చా?"

వచ్చన్నాను! ఊళ్ళో ఉండగా మా పత్రికలో 'వాహన వైద్యం' అనే శీర్షిక రాసేవాణ్ణి మరి. టీకొట్టు పక్కన మెకానిక్ చెప్పింది విని రాయడమే నా వైద్యం. రోగుల్ని ఎప్పుడూ ముట్టుకున్న పాపాన పోలేదు.

అందుకే ఖాదర్ భాయ్‌ని పిలిచాను. రాయచోటి మనిషి, అర్దియాలోనే ఒక గరాజులో మెకానిక్. వచ్చి బండి చుట్టూ తిరిగి, శవాన్ని చూసినట్టు చూశాడు.

"ఏం సత్తన్నా, దీన్ని బతికిస్తానని మాటిచ్చినావా?"

"ఆయ్, ఇచ్చేశాను."

"పూడ్చేదానికి మాటిచ్చింటే సులభంగా ఉండేది."

ఐదు శుక్రవారాలు పట్టింది. బిగుసుకుపోయిన పిస్టన్ మీద డీజిల్ పోసి వారం నానబెట్టాం. ట్యాంకులో వెనిగర్, గులకరాళ్ళు పోసి, పసిపాపను ఊపినట్టు ఇద్దరం ఊపాం. తుప్పు చారులా బయటికొచ్చింది. అమ్ఘరా పాతసామాను దిబ్బల్లో మండుటెండలో తిరిగి మడ్‌గార్డు, స్పోకులు వెతికి తెచ్చాం. షెడ్డులో వేడికి పానా పట్టుకుంటే అరచెయ్యి అట్టులా కాలేది. పనులన్నీ ఖాదర్ భాయ్‌వి. వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి సీటు కింద దాచడం నా పని. విలేకరి బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఆఖరి శుక్రవారం బండి తళతళలాడుతోంది. మారడానికి ఇంకో ఆరు రోజులే గడువు. నాకు గుబులు పుట్టింది. ఇంత అందమైన బండి, ఇంత మంచి ఉద్యోగం, దిష్టి తగలదూ? మా వైపు సైకిలు కొన్నా చక్రం కింద నిమ్మకాయ పెట్టందే కదపరు.

"వొద్దన్నా," అన్నాడు ఖాదర్ భాయ్. "ఈళ్ళు ఇట్లాంటివి సూస్తే సేతబడి అనుకుంటారు. మీ ఇంటికాడ సేసుకో."

"ఇంటికాడ బండెక్కడుంది భాయ్? ఒక్క నిమ్మకాయ. ఎవరు చూస్తారు?"

ఒక్క నిమ్మకాయతో ఆగానా? కుంకుమ పెట్టాను. ఇంకో నిమ్మకాయకు పచ్చిమిరపకాయలు గుచ్చి హ్యాండిలుకు కట్టాను. కట్టడానికి తాడు దొరక్క, నూనె తుడుస్తున్న పాతగుడ్డలోంచి ఓ పీలిక చింపాను. తాడును చూసి పామనుకుంటారంటారు. నాకు దొరికిన తాడు నిజంగానే పాము. ఆ గుడ్డ బాబా పాత తలగుడ్డ.

మిగిలింది మీరు చూశారు. బాబా ఫోన్ చేతిలో పట్టుకునే వచ్చాడు. నొక్కబోతూ, "ముందు ఒకసారి ఎక్కి చూస్తా" అన్నాడు. ఎక్కాడు. నిమ్మకాయ పగిలింది.

"సిహర్!" అంది మామా. ఆ మాటకు అర్థం చేతబడి. హ్యాండిలు దగ్గరికొచ్చి, ముట్టుకోకుండా దూరంనుంచే లెక్కపెట్టింది. "ఏడు మిరపకాయలు. మా ఇంట్లో ఎంతమందిమి?"

నేను మనసులో లెక్కపెట్టుకున్నాను. బాబా, మామా, ఐదుగురు పిల్లలు. దేవుడా.

"ఈ గుడ్డ ఎవరిది?"

జవాబు బాబా మొహమే చెప్పింది. ఇంతలో పెద్దకూతురు సీటెత్తి కాగితం లాగింది. గుండ్రటి తెలుగు అక్షరాలు నిండుగా ఉన్నాయి.

"ఏం మంత్రం ఇది? చదువు!" అని మామా ఖాదర్ భాయ్ చేతికిప్పించింది. పాపం, ఆయన అరబ్బీలోకి మార్చి చదివాడు. "స్పార్క్ ప్లగ్గు ఒకటి. క్లచ్ వైరు ఒకటి. గ్రీజు అరడబ్బా…"

"అరడబ్బా గ్రీజు ఎవరికి పూశాడు?"

"బండికే మామా, బండికే!" అన్నాన్నేను.

ఖాదర్ భాయ్ తెలుగులో గొణిగాడు: "నోర్మూసుకో అన్నా. నువ్వు మాట్లాడేకొద్దీ అది మంత్రం మాదిరే ఉండాది."

పోలీసులు వస్తారనుకున్నాను, దేశానికి పంపేస్తారనుకున్నాను. మామా తెలివి నా ఊహకు అందలేదు. అక్కకు ఫోన్ చేసింది, ఓ పెద్దాయనకు ఫోన్ చేసింది. ఉప్పునీళ్ళు కలిపి ప్రార్థన చదివి షెడ్డంతా చల్లింది. తర్వాత తీర్పు చెప్పింది.

"వీడు ఎక్కడికీ పోకూడదు. మంత్రం కట్టినవాడు వెళ్ళిపోతే విప్పేదెవరు? బాబాకు దగ్గు పట్టుకుంది కూడా వీడి కట్టువల్లే. అది తగ్గాక చూద్దాం."

బాబా నన్ను పక్కకు పిలిచాడు. "సత్తీ, నేను ఇవేవీ నమ్మను."

"అయితే నొక్కండి బాబా."

"నువ్వు షువైఖ్ వెళ్ళిపోతావు. ఈ ఇంట్లో ఉండాల్సింది నేను," అని సిగరెట్ వెలిగించి, దగ్గాడు. రోజుకు రెండు పెట్టెలు కాల్చే మనిషి. ఆ దగ్గుకు నేనే కారణమట!

గురువారం గడువు ముగిసింది. ముద్రణాలయం వాళ్ళు ఇంకెవరినో తీసుకున్నారు. ఖాదర్ భాయ్ మా వీధి మొగలోకి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, "నా ఇఖామాకు దిష్టి తగులుతాదన్నా" అని పెట్టేస్తాడు. ఇఖామా అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి. నవ్వుతూనే అంటాడు. రావడం మాత్రం లేదు.

దగ్గు తగ్గించాలని నేనూ ప్రయత్నించాను. అల్లం, మిరియాలు, తులసి వేసి కషాయం కాచి తెస్తే, ఆ నల్లటి నీళ్ళు చూసి మామా మళ్ళీ అక్కకు ఫోన్ చేసింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కువైట్ గడ్డ మీద ఏ చక్రం కిందా నిమ్మకాయ పెట్టను. దిష్టి తగిలితే తగలనీ. పులిహోరలోకి నిమ్మకాయ పిండాల్సివచ్చినా మామా అనుమతి తీసుకుని, ఆమె ఎదుటే పిండుతాను.

సర్కారు ఆ తలుపు మళ్ళీ ఎప్పుడు తీస్తుందో ఏ పత్రికలోనూ రాలేదు. ఈ పొద్దున కూడా బాబా దగ్గాడు.