తవుడు బస్తాలో వీరుడు

నిన్న రాత్రి పిల్లలకి అన్నాలు పెడుతుంటే మా చిన్నది నా వైపు తిరిగి, "అమ్మా, ఆ నీళ్ళ చెంబు ఇటివ్వమని వాడికి చెప్పు," అంది. చెంబు వాడి మోచేతి పక్కనే ఉంది. వాడు చెల్లి పక్కనే కూర్చున్నాడు, ఇద్దరి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ చిన్న మాట అన్నయ్య చెవికి చేరడానికి నా మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. పప్పు గరిట పట్టుకున్న నా చెయ్యి అలాగే ఆగిపోయింది. నాకు భయాలు ఎక్కువే, పిల్లవాడు రెండుసార్లు దగ్గితే మూడో దగ్గు కోసం చెవి ఒగ్గి కూర్చునే రకాన్ని, ఆయన నన్ను ఇంట్లో వాతావరణ కేంద్రం అని వెక్కిరిస్తుంటారు. కానీ ఇది ఆ భయం కాదు. పిల్లలు జుట్లు పట్టుకుని కొట్టుకున్న రోజుల్లో నేనెప్పుడూ ఇంతగా భయపడలేదు, ఎందుకంటే కొట్టుకునేవాళ్ళు మళ్ళీ కలిసిపోతారు. మాటని మూడో మనిషి చేతికిచ్చి పంపడం మొదలుపెట్టినవాళ్ళ సంగతి వేరు. అది నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

గొడవంతా బొటనవేలంత బొమ్మల గురించి. ఈ వయసు పిల్లలున్న ఇళ్ళలో వాటి గురించి చెప్పక్కర్లేదు గాని, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సీలు వేసిన పెట్టెల్లో వస్తాయి, విప్పేదాకా లోపల ఏ వీరుడున్నాడో తెలియదు. ఒక్కొక్కడూ ఒక గుండ్రటి పీట మీద నిలబడి ఉంటాడు, గళ్ళపటం మీద ఆట, దెబ్బ తగిలిన కొద్దీ పీట తిప్పుతారు, తిప్పిన కొద్దీ అంకె మారి వాడి బలం తగ్గుతుంది. పిల్లలందరికీ నచ్చిన వీరుడు ఒకడే కాబట్టి చేసేవాళ్ళు వాణ్ణే మళ్ళీ మళ్ళీ చేస్తారు, ఒకసారి ఎర్ర అంగీతో, ఒకసారి చిరిగిన అంగీతో, ఎగురుతూ ఒకసారి, మోకాలు నేలకానించి ఒకసారి, మీసం రాని కుర్రవాడిగా ఇంకోసారి. మా పెద్దవాడి దగ్గర అలా తొమ్మిదిమంది పోగయ్యారు. "ఒక్కడే తొమ్మిదిసార్లా? వీడు రేషన్ కార్డులో కూడా ఇలాగే పేరెక్కించుకుని ఉంటాడురా," అని ఆయన నవ్వితే, మా వాడు బడిలో మాస్టారిలా, "అందరూ ఒకటి కాదు నాన్నా, ఎవడి బలం వాడిదే," అని ఓపిగ్గా సర్దిచెబుతాడు.

పదోవాడు మా చిన్నదాని పుట్టినరోజు పెట్టెలో వచ్చాడు. ముసలి వీరుడు. నెరిసిన గడ్డం, అతుకుల అంగీ, చేతిలో ఊతకర్ర. ఆటలో దేనికీ పనికిరాడు, రెండు దెబ్బలకే పీట ఆఖరి అంకెకి వచ్చేస్తుంది. అయినా అది వాడికి తాతగారని పేరు పెట్టి దిండు పక్కన పడుకోబెట్టుకునేది. పెద్దవాడు శనివారం స్నేహితులతో ఆటకని అడిగి తీసుకెళ్ళాడు. తీసుకొచ్చి నీ బ్యాగులో పెట్టానంటాడు. అది బ్యాగు మంచం మీద బోర్లించి పుస్తకాలు, పెన్సిలు చెక్కిన పొట్టుతో సహా దులిపి, లేదంటుంది. సోమవారం అరుచుకున్నారు, మంగళవారం సణుక్కున్నారు. నిన్నటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, గొడవ చల్లారిందనుకుని నేను మురిసిపోయాను కూడా.

నేను పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. మా నాన్నగారు ఒక రైసుమిల్లులో గుమాస్తా, మా ఇల్లు మిల్లు గోడకి ఆనుకునే ఉండేది. ఉడికించిన ధాన్యం కళ్ళంలో ఆరబోసినప్పుడు వచ్చే ఆ వాసన, కొంచెం పులుపు, కొంచెం కమ్మదనం, బట్టల్లోనూ జడల్లోనూ అంటుకుని బడికి కూడా మాతో వచ్చేది. అప్పట్లో పాలల్లో కలుపుకునే ఒక పొడి డబ్బాలో బొమ్మ వీరులు వచ్చేవారు. చిటికెనవేలంత ఉండేవారు, అరికాలి కింద ఒక అంకె ఉండేది. బొమ్మ కోసం డబ్బా అడుగు కనబడేదాకా పొడి పొడిగానే నోట్లో వేసుకుని మా అమ్మ చేత మొట్టికాయలు తిన్నాను. అప్పుడూ ఇదే తంతు, తక్కిన వీరులు ఎప్పుడో ఒకసారి కనబడేవారు గాని, అంగీ వీరుడు మాత్రం నీలంగా ఒకసారి, పచ్చగా ఒకసారి, చెయ్యెత్తి ఒకసారి, నడుం మీద చేతులు పెట్టి ఒకసారి, డబ్బా డబ్బాకీ వాడే.

మా పిన్నిని కైకలూరు అవతల కొల్లేటి అంచునున్న ఒక ఊళ్ళో ఇచ్చారు. బాబాయిగారికి చేపల చెరువులు. పిన్ని కూతురు నాకంటే రెండు నెలలు చిన్నది. ఆ రెండు నెలల పెద్దరికం నేనెంత వాడుకోవాలని చూసినా, అక్కా అని ఒక్కసారైనా పిలిపించుకోలేకపోయాను. సెలవులకి వస్తే ఇద్దరం ఖాళీ కళ్ళం మీద సుద్దతో గళ్ళు గీసి, గవ్వలు వేసి, వీరుల్ని నడిపించేవాళ్ళం. సిమెంటు కాలుతుంటే ఒక కాలి మీద ఒకసారి, ఇంకో కాలి మీద ఒకసారి నిలబడి ఆడేవాళ్ళం. నాకు మూడు రంగుల అంగీ వీరులుండి, మూడూ ఒకేసారి దింపితే ఒప్పుకోవాలా వద్దా అని పెద్ద తగువు వచ్చింది. ఒకే మనిషి మూడు చోట్ల ఎలా ఉంటాడని మిల్లు పిల్లలంతా నా మీద పడ్డారు. అప్పుడు పిన్ని కూతురే నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పింది. "వీడు పొద్దుటివాడు, వీడు మధ్యాన్నంవాడు, ఆ చెయ్యెత్తినవాడు రేపటివాడు. ముగ్గురూ రావచ్చు. కానీ ఒకణ్ణొకడు కొట్టకూడదు. ఎవడైనా తన్ను తాను కొట్టుకుంటాడా?" ఆ తర్వాత మా ఆటకి అదే చట్టం.

సెలవులయ్యాక మా బొమ్మలకి ఒక పోస్టాఫీసు దొరికింది. మిల్లులో తవుడు వారం వారం లారీలో ఆకివీడు మీదుగా బాబాయిగారి చెరువుల మీదికి వెళ్ళేది. చేపలకి మేత అదే. అక్కడ తవుడు చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్ళలో పాతిన వెదురు గెడలకి కడితే చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. నేను బొమ్మని పాలితిన్ కాగితంలో చుట్టి ఒక బస్తా మూతిలో దోపి, ఆ బస్తా చెవికి ఎర్ర దారం ముడి వేసేదాన్ని. పిన్ని కూతురు చెరువు గట్టు మీద కాచుకుని కూర్చుని, ఎర్ర దారం బస్తాని మేతవాళ్ళ కంటే ముందు విప్పుకునేది. దాని బొమ్మ ఖాళీ గోనెల కట్టలో తిరిగొచ్చేది, చేపల వాసనతో. ముఠా కూలీలందరికీ ఈ సంగతి తెలుసు. "అమ్మాయిగారండీ, మీ వీరుడు టిక్కెట్టు తీసుకున్నాడాండీ?" అని లారీ ఎక్కించేటప్పుడు నన్ను ఆటపట్టించేవారు.

మా వీరులందరిలోకీ ప్రాణం ఒక తెల్లబొమ్మ. అంగీ వీరుడే, కానీ రంగు వెయ్యడం మరిచిపోయి డబ్బాలో పడేశారో ఏమో, కళ్ళూ ముక్కూ లేకుండా, అరికాలి కింద అంకె లేకుండా వచ్చాడు. అంకె లేదు గనక వాడికి ఎంత బలముందని మేమంటే అంత. ఒక నెల నా దగ్గర, ఒక నెల దాని దగ్గర ఉండేవాడు. మాకు పన్నెండేళ్ళు వచ్చిన ఏడు, వంతు ప్రకారం నేను వాణ్ణి పంపాను. సాయంత్రం, బస్తాల మూతులు ఇంకా కుట్టకముందే, ఎర్ర దారం కట్టి బడి చదువుల్లో పడిపోయాను. వారం తిరిగాక ఖాళీ గోనెలు వచ్చాయి. వాటిలో బొమ్మ లేదు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం ముక్క ఉంది. "ఉంచుకో. నాకేం అక్కర్లేదు," అని రాసుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పంపినదాన్ని పట్టుకుని దాచుకున్నానంటుందా అని. కాగితం పట్టుకుని నాన్నగారి దగ్గరికి పరిగెత్తబోతూ, తవుడు కొట్టు గుమ్మంలో ఆగిపోయాను. ముఠా పెద్ద దబ్బనంతో బస్తాల మూతులు కుడుతున్నాడు. పురికొస ఎర్రది. ఎప్పుడూ తెల్ల పురికొస కొనేవారు, పోయిన వారం నుంచి బజార్లో అది దొరకడం లేదట. పోయిన వారం లారీలో వెళ్ళిన ప్రతి బస్తా మూతికీ, ప్రతి చెవికీ ఎర్ర దారమే. అన్ని బస్తాల మధ్య అది దేన్నని విప్పుతుంది? ఎన్నిటిని విప్పి చూసిందో, ఎవరు తిట్టారో. తెల్లబొమ్మ తవుడుతోపాటు మేత సంచిలోకి, అక్కణ్ణించి నీళ్ళలోకి వెళ్ళిపోయి ఉంటాడు.

ఆ క్షణంలోనే సంగతంతా నాకు తెలిసిపోయింది. ఒక్క ముక్క రాసి పంపితే సరిపోయేది. రాయలేదు. నన్ను దొంగన్నది గనక ముందు అదే వచ్చి అడగాలనుకున్నాను. వేసవిలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని చేపల పులుసు తింటున్నాం. "పిన్నీ, ఉప్పు ఇటివ్వమని దానికి చెప్పు," అన్నాను. ఉప్పు గిన్నె దాని మోకాలి దగ్గర ఉంది. పిన్ని నవ్వి, మీ ఇద్దరికీ నేను టెలిఫోనా అంది. ఆ రోజు నవ్వులాటగానే పోయింది.

కానీ ఆ టెలిఫోను తర్వాత ఎవరూ పెట్టెయ్యలేదు. చదువులు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు అన్నీ మామూలుగానే జరిగాయి. ఇప్పుడది కైకలూరులో భర్తతో కలిసి చేపల మేత దుకాణం నడుపుతోంది. నేనుండే ఏలూరు నుంచి రెండు గంటల బస్సు కూడా కాదు. ఎక్కడైనా శుభకార్యంలో కనబడితే, బాగున్నారాండీ, పిల్లలు బాగున్నారాండీ అని పలకరించుకుంటాం. మా వైపు మర్యాద ఎంత మెత్తనిదో అంత దూరం పెట్టగలదు. ఒసేయ్ అని కళ్ళం అదిరేలా పిలుచుకున్న మనిషి మీరు అన్నప్పుడు, తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనిపించిందో.

పోయిన ఏడు వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి వెళ్ళాను. ముందు గదిలో అద్దాల బీరువాలో గాజు బాతులు, పెళ్ళి ఫొటో, వాటి మధ్య వాడు. తెల్లబొమ్మ. ఇప్పుడు తెల్లగా లేడు, బురద నీళ్ళలో ఏళ్ళ తరబడి నాని తేనీరు రంగుకి తిరిగాడు, ముఖం మాత్రం అలాగే ఏమీ లేకుండా ఉంది. ఎప్పుడో చేపలు పట్టడానికి చెరువు ఎండగట్టినప్పుడు అడుగున దొరికి ఉంటాడు. అంటే, నేను పంపానని దానికి ఆ రోజునే తెలిసిందన్నమాట. దానికి అందలేదని నాకు ఎర్ర పురికొస చూసిన రోజునే తెలుసు. ఇద్దరికీ అన్నీ తెలుసు. నేను బీరువా వైపు చూడటం అది చూసింది. "కాఫీ తీసుకుంటారాండీ?" అంది. తీసుకుంటానండీ అన్నాను.

నిన్న అన్నాలయ్యాక, ఈ ఆలోచనలతోనే బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్నాను. దండెం చివర చిన్నదాని టిఫిన్ బ్యాగు వేలాడుతోంది. ఆదివారం నేనే సబ్బునీళ్ళలో నానబెట్టి ఉతికి, సోమవారం దానికి వేరే బ్యాగులో డబ్బా పెట్టి పంపాను. ముట్టుకుంటే పక్క జేబులో ఏదో గట్టిగా తగిలింది. జిప్పు తీస్తే తాతగారు! గడ్డం మీద తెల్లరంగు కొంచెం పోయింది, కర్ర మాత్రం వదల్లేదు. పెద్దవాడు చెప్పిన బ్యాగు ఇది. బళ్ళో డబ్బా తీసేటప్పుడు చెల్లికి కనబడి నవ్వుకుంటుందని పెట్టి ఉంటాడు. చిన్నది పుస్తకాల బ్యాగే దులిపింది. వంటింట్లోంచి ఆ గొడవంతా వింటూ కూడా నాకు స్ఫురించలేదు. వాడూ అబద్ధం ఆడలేదు, ఇదీ ఆడలేదు. ఈసారి ఎర్ర పురికొసని నేనే.

నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. పిల్లల బొమ్మలు చేసేవాళ్ళు ఎంత దయగలవాళ్ళో అనిపించింది. వాళ్ళకి నచ్చిన మనిషిని ఏటేటా మళ్ళీ చేస్తారు, పోయినవాడి బదులు ఇంకొకణ్ణి పెట్టెలో పెట్టి పంపుతారు. సిమెంటు కాలుతుంటే ఒంటికాలి మీద నిలబడి తీర్పు చెప్పిన ఆ పిల్లని మాత్రం ఎవరూ మళ్ళీ చెయ్యరు. కళ్ళం ఉన్న చోట ఇప్పుడు వరసగా ఇళ్ళు, లారీలో మేత వెళ్తూనే ఉంటుంది గాని అందులో ఎవరూ వీరుల్ని దాచరు. దాని చట్టమే గుర్తొచ్చింది నాకు. కాగితానికి జవాబు రాయని, నాలోని ఆ పన్నెండేళ్ళ పిల్లా నేనూ నిన్న ఒకే గడిలో నిలబడ్డాం, దాన్ని కొట్టడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు.

పొద్దున ఇడ్లీలు పెట్టి, ఇద్దరి కంచాల మధ్యా తాతగారిని నిలబెట్టాను. ఇద్దరూ వాణ్ణి చూశారు గాని ఒకరినొకరు చూసుకోలేదు.

"అన్నయ్య నీ టిఫిన్ బ్యాగులోనే పెట్టాడు," అన్నాను. "ఆ బ్యాగు ఉతకడానికి తీసింది నేను. జేబు చూసుకోలేదు. మీ ఇద్దరి తప్పూ లేదు, తప్పు నాది. ఆదివారం బస్సెక్కి కైకలూరులో మీ పిన్ని, అదే మా పిన్ని కూతురి ఇంటికి వెళ్తున్నాం, ఇద్దరూ రావాలి. వాళ్ళ బీరువాలో మీ వీరుడే ఒకడున్నాడు, నా చిన్నప్పటివాడు. వాణ్ణి మనం తెచ్చుకోం. ఎర్ర పురికొస సంగతి చెప్పి వచ్చేద్దాం."

చిన్నది నావైపు చూడలేదు. "పురికొస అంటే ఏంట్రా అన్నయ్యా?" అంది, తిన్నగా వాడి ముఖంలోకి చూస్తూ. వాడు తెలియదన్నట్టు భుజాలెగరేసి, నీళ్ళ చెంబు దాని వైపు జరిపాడు.

"మీ పిన్ని దగ్గర చెప్తాను," అన్నాను. "ముందు తను వినాలి."