నెలిదాకు లెగ్ పీసే

మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి గ్రిసెల్దా యుపాంకికి జాతకాలు అక్కర్లేదు, వాడి ముందు పావు కోడి పెడితే చాలు. లిమా నగరంలో, బ్రేన్యా పేటలోని కాల్చిన కోళ్ల హోటల్లో ముప్పై నాలుగేళ్లుగా ఆమె బల్లల మధ్య తిరుగుతోంది. ఫోర్కుతో కోడిని పొడుచుకు తినేవాడు ఇంట్లో పెళ్లాన్ని కూడా అలాగే పొడుస్తాడని ఆమె నమ్మకం. చర్మం వలిచి పక్కన పెట్టేవాళ్లంటే అసహ్యం. కోడి రాకముందే బంగాళాదుంప వేపుడు సగం ఖాళీ చేసి, 'ఇంకాస్త వెయ్యండి' అనేవాళ్లను చూస్తే ఒళ్లు మంట. మొత్తానికి లిమాలో ఆమె గౌరవించే మనిషి ఒక్కరూ లేరు, పొయ్యిలో సర్కారు తుమ్మ బొగ్గుల మీద తిరిగే కోళ్లే వాళ్లందరికంటే మర్యాదస్తులు.

ఈ జనంలో అట్టడుగున ఉన్నవాడు ఎవరిస్తో పలొమినో. మునిసిపాలిటీలో కాగితాల మీద ముద్రలు కొట్టి కొట్టి రిటైరయ్యాడు. ప్రతి ఆదివారం ఒంటిగంటకు కిటికీ పక్క బల్ల దగ్గర దిగబడతాడు. ముందు ఫోర్కూ చాకూ కాగితం రుమాలుతో తుడుస్తాడు, ఆ తుడిచిన రుమాలును పడెయ్యకుండా మడిచి జేబులో పెట్టుకుంటాడు. పచ్చిమిరప సాస్ మూడుసార్లు అడుగుతాడు. యాభై మూడేళ్ల గ్రిసెల్దాను 'అమ్మాయ్' అంటాడు.

అలాంటివాడికి తన చెల్లెలు నెలిదా దొరికింది. ప్యాంటు నడుము వదులు చేయించుకుందామని నెలిదా కుట్టుమిషను దగ్గరికి వచ్చినవాడు, ప్యాంటు అయిపోయినా రావడం మానలేదు. పెళ్లి చేసుకుని వువాచో అనే ఊళ్లో ఉన్న తన ఇంటికి తీసుకెళతానంటున్నాడు. జవాబు ఈ ఆదివారం చెబుతానంది నెలిదా.

"మీ హోటల్లోనే కలుస్తున్నామక్కా," అని పొద్దున జడ వేసుకుంటూ చెప్పింది.

గ్రిసెల్దా కాదనలేదు. లోపల సంతోషించింది కూడా. వాడు తినడం ఒక్కసారి దగ్గరనుంచి చూస్తే చాలు, చెల్లెలి పిచ్చి వదిలిపోతుంది. అమ్మానాన్నలు పోయాక పదమూడేళ్ల నెలిదా చెయ్యి పట్టుకుని కొండల్లోని అబంకాయ్ నుంచి లిమాకు బస్సెక్కింది తనే. ఇద్దరికీ ఉన్నవి రెండు గదులు. చెల్లెలు వెళ్లిపోతే ఆ రెండో గదిలో దీపం వేయడానికి మనిషి ఉండదు. ఆ మాట తలుచుకుంటే గ్రిసెల్దాకు భయమేసేది. కానీ వాడంటే ఏవగింపు పైకొచ్చి ఆ భయాన్ని కప్పేసేది.

ఒంటిగంటకు ఇద్దరూ వచ్చారు. ఎవరిస్తో తన తంతు ఏదీ వదల్లేదు. తుడిచాడు, మడిచాడు, జేబులో పెట్టుకున్నాడు. "మా రోజుల్లో కోడి ఇంత ఉండేది," అని చేతులు చాపి చూపించాడు, అది కోడి కాదు టర్కీ అన్నట్టు. నెలిదా చిన్నగా నవ్వుతూ వింటోంది. నవ్వు, నవ్వు, ఇంకాసేపట్లో తెలుస్తుంది అనుకుంది గ్రిసెల్దా.

"రెండు పావు కోళ్లమ్మాయ్. నాకు చెస్ట్ పీస్."

గ్రిసెల్దా వంటవాళ్ల వైపు తిరిగి కేకేసింది. "ఏడో బల్ల. ఒక చెస్టు, ఒక లెగ్గు."

"ఆగాగు. ఆవిణ్ణడగలేదుగా?"

"అడగక్కర్లేదు సార్. మా చెల్లికి లెగ్ పీసే. పదమూడో ఏటి నుంచీ నేనే పెడుతున్నా, నాకు తెలీదా?"

ఎవరిస్తో ఆమెను పట్టించుకోలేదు. "ఏం తింటారు నెలిదా?" అన్నాడు.

నెలిదా బల్ల మీద చెయ్యి పెట్టి కాసేపు ఆలోచించింది, ఎవరో కష్టమైన లెక్క ఇచ్చినట్టు.

"చెస్ట్," అంది.

గ్రిసెల్దాకు కోపం వచ్చింది. "అదేంటే? లిమాకి వచ్చిన మొదటి ఆదివారం లెగ్ పీసు ఎముక దాకా చప్పరించావు. అందుకే కదా అప్పట్నించీ నీ కోసం లెగ్గే తెస్తున్నా."

"ఆ రోజు ఆకలేసిందక్కా. ఏం పెట్టినా తినేదాన్ని."

గ్రిసెల్దా కౌంటరు దగ్గరికి నడిచింది. పళ్లెంలో కోసిపెట్టిన చెస్ట్ పీసులు బోలెడున్నాయి, నూనె కారుతూ. ఆమె వాటిని చూసింది, తిరిగి బల్ల దగ్గరికి వచ్చింది. గిరాకీ ఎక్కువైనప్పుడు హోటళ్లలో అందరూ చెప్పే అబద్ధమే చెప్పింది.

"చెస్టు ఒక్కటే మిగిలింది. ఎవరికి?"

అని ఎవరిస్తో మొహంలోకే చూసింది. ఇప్పుడు బయటపడతాడు. రుమాలు కూడా వదలని వాడు చెస్ట్ పీసు వదులుతాడా? ఎవరిస్తో నోరు తెరిచాడు. 'నేనే ముందడిగాను' అనే మాట అప్పటికే అతని పళ్ల దాకా వచ్చిందని గ్రిసెల్దా ప్రమాణం చేసి చెప్పగలదు.

"నాకు," అంది నెలిదా.

ఎవరిస్తో నోరు మూసుకున్నాడు. "లెగ్గే తెచ్చెయ్ అమ్మాయ్," అన్నాడు, పన్ను పీకించుకోవడానికి ఒప్పుకున్నవాడిలా.

తెచ్చింది. అతను మొహం ముడుచుకునే తిన్నాడు. లెగ్గులో మాంసం తక్కువని, బొగ్గు ఎక్కువైందని గొణిగాడు. సాస్ మూడోసారి అడిగి చేతులు కడుక్కోవడానికి లేచాడు. గ్రిసెల్దా వంగి, చెల్లెలి చెవిలో బుసకొట్టింది.

"చూశావా? చూశావా వాడి వాలకం? పీనాసి వెధవ."

"పీనాసే. నాకూ కళ్లున్నాయక్కా." నెలిదా చెస్ట్ పీసును చేత్తో చీల్చింది, నెమ్మదిగా, తెల్లటి మాంసం ఎలా విడివడుతుందో చూసుకుంటూ. "మొన్న నా జాకెట్టుకి గుండీలు ఏ రంగువి కావాలో అడిగాడు. కిటికీ తియ్యాలా మూయాలా అని అడిగాడు. ఇవాళ ఇది. పెళ్లికి నేను సరేనన్నాను, వచ్చే దారిలోనే చెప్పేశా."

గ్రిసెల్దా ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. చుట్టూ జనం వేళ్లు నాకుతున్నారు, ఎవరో పాప పసుపుపచ్చ కూల్ డ్రింకు ఒలకబోసింది, నాలుగో బల్లవాడు చప్పట్లు కొట్టి పిలుస్తున్నాడు. ఇంకో రోజైతే చప్పట్లు కొట్టే ఆ వెధవను చూపుతోనే మాడ్చేసేది. ఇవాళ అతని వైపు తలైనా తిప్పలేదు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

తిండి గురించి చెల్లెల్ని ఆమె ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"సరిపోయిందక్కా," అంది నెలిదా.