గాలికి తొవ్వ

జక్రాన్‌పల్లిలో బస్సెక్కి, నా పాత బైకు కార్బురేటర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మైలేజీ తగ్గుతోందని దాని గాలి స్క్రూను నేనే చివరిదాకా బిగించాను. అప్పటినుంచి బండి నల్లపొగ కక్కి ఆగిపోతోంది. పెట్రోలు పుష్కలంగా అందుతున్నా ఎందుకు ఆగుతుందో నాకు అంతుపట్టలేదు.

పక్క సీట్లో బీడీ కట్టల సంచితో ఉన్న పెద్దమ్మ అడిగింది. "గదేంది బిడ్డా?"

"బండిది పెద్దమ్మా. దీంట్ల పెట్రోలు, గాలి కలుస్తయి. గాలి ఎక్కువైతుందని నేనే బందు చేసిన."

ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఒక బీడీ తీసి, ముట్టించకుండానే నాకిచ్చింది. "గుంజు."

గుంజాను. ఏమీ రాలేదు.

"గట్టిగ చుట్టిన. కార్ఖానల వాపస్ ఇచ్చిండ్రు."

దాన్ని తీసుకుని వేళ్ల మధ్య మెల్లగా దొర్లించి మళ్లీ ఇచ్చింది. ఈసారి పొగాకు ఘాటు గొంతుదాకా వచ్చింది.

"తంబాకు ఎంత మంచిదైతేంది? గాలికి పోను తొవ్వ లేకుంటె అంటుకోదు."

"నువ్వు తాగుతవా పెద్దమ్మా?"

"ఛీ!" అని పెర్కిట్‌లో దిగిపోయింది.

బీడీకీ బండికీ పొత్తేమిటో తేల్చుకోలేకపోయాను. అయినా బీడీని జేబులో వేసుకుని, తాళంచెవి మొనతో స్క్రూను తోచినంత వదులు చేశాను.

ఆర్మూర్‌లో మెకానిక్ ఆ స్క్రూను తిప్పి, చుట్లు లెక్కపెట్టి, నావైపు చూశాడు.

"సెట్టింగ్ కరెక్టుగనే ఉన్నది గద. ఎవలు చెప్పిండ్రు?"

"ఒక పెద్దమ్మ."

"ఏ షెడ్డుల చేస్తది?"

జేబులోని బీడీని తడుముకున్నాను. తర్వాత దాన్ని బండి టూల్‌బాక్సులో పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది.