నారపరెడ్డి పెన్ను క్లిప్పు

తొంభైల మొదట్లో, ఎన్నికల ముందర నన్ను జమ్మలమడుగు పక్కన పెద్దముడియానికి మండల రెవెన్యూ అధికారిగా వేశారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు హోదా కూడా ఉంటుంది. తగాదాలు పడేవాళ్లను పిలిపించి, ఇకమీదట శాంతిగా ఉంటామని పూచీకత్తు రాయించుకోవాలి. దాన్నే బైండోవర్ అంటారు. మా వైపు ఆ మాట తెలియని ఇల్లు లేదు, ఏం చేస్తాం!

ఆ రోజు ఒకే ఊళ్లోని రెండు పార్టీల, అంటే ముఠాల, పెద్దలు వచ్చారు. ఒక పక్క నారపరెడ్డి, ఎదురుగా గంగన్న. వీళ్లు సంతకాలు పెడితేనే, ఊరొదిలి ప్రొద్దుటూరులో తలదాచుకుంటున్న కుటుంబాలు తిరిగొచ్చి శనగ విత్తుకునేది. అదను దాటిపోతోంది. వాకిట్లో కానిస్టేబుళ్లు అనుచరులందరినీ ఆయుధాల కోసం తడిమి లోపలికి పంపారు. పెద్దల ఒంటి మీద చెయ్యి వేయడం మాత్రం మా సీమలో కుదరని పని.

నారపరెడ్డి ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన, తన తండ్రి నాటి ఇంకు పెన్నును జుబ్బా గుండీల సందున తగిలించుకున్నాడు. దాని క్లిప్పు వదులు. నేను షరతులు చదువుతుండగా పెన్ను లోపలికి జారింది. ఆయన జుబ్బాలోకి చెయ్యి దూర్చాడు. అంతే, గంగన్న మనుషులు లేచారు, వాళ్లను చూసి వీళ్లూ లేచారు. మా అటెండరు బీరువా వెనక తేలాడు. చేత్తో పాటు పెన్నే బయటికొచ్చింది గానీ, గంగన్నకు నమ్మకం కుదరలేదు. సంతకం లేదు, గింతకం లేదని చెప్పులు తొడుక్కోబోయాడు.

నాకు ఇంకు పెన్నులంటే పిచ్చి. అందరి ముందూ విప్పితే అనుమానమూ తీరుతుంది, క్లిప్పూ బిగుస్తుందని పెన్ను అడిగి పుచ్చుకున్నాను. ఇలాంటి క్యాపు నెత్తిన ఉండే బుడిపే క్లిప్పును పట్టి ఉంచే స్క్రూ. క్లిప్పు రింగు దాని కింద ఇరుక్కుని ఉంటుంది. పట్టకారు వేస్తే ఎబొనైట్ పగులుతుంది కాబట్టి, సైకిలు ట్యూబు ముక్కతో పట్టి తిప్పాను. రింగు అరిగిపోయి ఆడుతోంది. ఫైలు అట్టలోంచి సన్నటి వాషరు కత్తిరించి వేసి, సీళ్లకు వాడే లక్క చుక్కంత అంటించి, గట్టిపడకముందే బిగించాను. ఈలోపు రెండు పార్టీల తలకాయలూ నా బల్ల మీదికి వంగాయి.

గంగన్న పెన్ను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఉత్త పెన్నేనా! ముందే చెప్పింటే ఏం పోయె రెడ్డీ?"

"అడిగింటే చెప్పింటా గదప్పా. మనం మాట్లాడుకోక ఎన్నేండ్లాయ?"

గంగన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పెన్నుతోనే సంతకం చేసి, క్యాపు పెట్టి నారపరెడ్డి ముందుకు జరిపాడు. ఆయనా సంతకం పెట్టాడు. కొన్నాళ్లకే కుటుంబాలు ఇళ్లకు చేరాయి. ఆలస్యంగానైనా శనగ పడింది.

ఆ తర్వాత సర్వీసంతా, షరతులు చదివే ముందు ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి వాన గురించో, ఎద్దుల గురించో మాట్లాడించేవాణ్ణి. చట్టంలో ఈ పద్ధతి లేదు. అయితే, పలకరింపు లేనివాళ్ల చేత అంతకుముందు నేను పెట్టించిన సంతకాలు ఫైలుకు పనికొచ్చాయే గానీ, ఊరికి పనికిరాలేదు.