ప్రభు బల్లకు దారోగా సాబ్ సాయం

ఆ రోజుల్లో మాకు లోకం రెండే ముక్కలు: తాగేవాళ్లు, తాగనివాళ్లు. మధ్యలో ఇంకెవరైనా ఉంటారని చెప్పినా నమ్మేవాళ్లం కాదు. పోలీస్ యాక్షన్ అయిపోయిన తరువాతి సంవత్సరాలవి. కరీంనగర్‌లో మిషన్ బోర్డింగులో చదివి, గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలో, మంచిర్యాలకు దగ్గరి ఒక చిన్న ఊళ్లో బడిపంతులుగా చేరాను. అయ్యగారు (మా పాస్టరు గారు) ఊళ్లన్నీ తిరుగుతూ రెండు మూడు నెలలకొకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడపడం, కీర్తన ఎత్తుకోవడం, ప్రసంగం చేయడం నా పని. ఎక్కడ మొదలుపెట్టినా నా ప్రసంగం తాగుడు దగ్గరికే వచ్చేది. (నోవహు ఓడతో మొదలుపెట్టిన రోజు మరీ సులువుగా వచ్చింది; ఓడ దిగాక ఆయన తాగి పడిపోయాడు కదా.)

నేను అద్దెకున్న గది, జంగ్లాత్ (అడవుల) శాఖలో పనిచేసి పెన్షన్ మీద ఉన్న దారోగా సాబ్‌ది. ఆయన ఇంట్లో అద్దాల అల్మారీ నిండా సీసాలే. అడవికి షికారుకొచ్చిన దొరలు క్యాంపులో వదిలివెళ్లిన విస్కీలు, హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న బ్రాందీ, గోండు గూడేల నుంచి తెచ్చి సోంపు, జాజికాయ వేసి ఏళ్ల తరబడి దాచిన ఇప్పసారా. ఇంత దాచినా తాగేది మాత్రం చిన్న వెండి గిన్నెలో అడుగంటినంత. సాయంత్రం తడిబట్ట చుట్టిన కూజా పక్కన పెట్టుకుని, ఇప్పసారాలో నిమ్మరసం, ఆయన ఇల్లాలు బేగం సాహెబా కాచిన దానిమ్మ షర్బత్ కలిపి, ఒక్క గుటక వేసి, "జర పుదీనా పడాలె" అని తనలో తనే అనుకునేవారు. నేను గోడకు ఇవతల తలుపు మూసుకుని కీర్తన గట్టిగా పాడేవాణ్ణి. మరునాడు ఆయన, "పంతులూ, నిన్న పాట మంచిగున్నది. నా గిన్నెకు మస్తు కుదిరింది" అనేవారు.

ఆ వేసవిలో మా మేనమామ వచ్చి నా దగ్గర ఉన్నాడు. సారా వల్ల ఎడ్లు పోయాయి, పొలం పోయింది, చివరికి అత్త పిల్లలతో పుట్టింటికి వెళ్లిపోయింది. మామ సంఘం ముందు మోకరించి మానేస్తానన్నాడు, మానేశాడు కూడా. అత్త ఒకటే కబురు పంపింది: మామ ప్రభు బల్ల (గుడిలో పంచే రొట్టె, ద్రాక్షారసం) అందుకున్నాడని అయ్యగారు చెబితే తిరిగి వస్తానని. అయ్యగారు వచ్చే ఆదివారం కోసం మామ పెళ్లికొడుకులా ఎదురుచూశాడు.

మా సంఘంలో ప్రభు బల్లకు మత్తున్నది వాడరు. కిస్మిస్ నానబెట్టి, ఉడికించి, పిసికి వడగట్టిన రసం పోస్తారు. శనివారం పొద్దుగూకాక కాచి ఆదివారం పొద్దున పోయడం ఆనవాయితీ. నేను శనివారమంతా ఉపవాస ప్రార్థనలో గడపాలన్న భక్తితో బుధవారమే కాచాను. కొత్త కుండలో పోసి, గుడ్డ కట్టి, మీద చేయి పెట్టి ప్రార్థించి, గది మూలన దించాను. ప్రార్థన చేసినది చెడిపోతుందన్న ఆలోచనే నాకు రాలేదు. బయట చూస్తే రాళ్లు పగిలే ఎండలు.

ఆదివారం తెల్లవారి మామ నన్ను లేపాడు. "అల్లుడా, గా మూలకు ఏం పెట్టినవ్? ముక్కు గుంజుతున్నది."

"బల్ల కోసం రసం మామా."

"రసమా! గా కుండ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నదిరా" అంటూ తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు.

కుండ మూతి గుడ్డ ఉబ్బి ఉంది. చెవి ఆనిస్తే లోపల చిటపటమంటోంది. ఊరికే పులిసిందో, మత్తే ఎక్కిందో తేల్చడం నా వల్ల కాదు. పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క నోట పెట్టినవాణ్ణి కాదు. తెలిసినవాడు ఇంట్లోనే ఉన్నాడు గానీ, లోకంలో ఎవరికైనా రుచి చూపించవచ్చు, ఆయనకు తప్ప. గత్యంతరం లేక కుండ ఎత్తుకుని దారోగా సాబ్ గుమ్మం ఎక్కాను.

ఆయన సంగతంతా విన్నారు. నవ్వలేదు. (నవ్వితే బాగుండేది.) వెండి గిన్నెలో కాస్త వంపి, వెలుతురుకు ఎత్తి చూసి, నాలుక మీద తిప్పి కళ్లు మూసుకున్నారు.

"గిది ఎవరు చేసిన్రు పంతులూ?"

"నేనే సాబ్."

"తౌబా! నేను జిందగీ మొత్తం తిప్పలు పడ్డ, గిసొంటిది ఒక్కసారి కాలే. గిది మీ గుడికి కాదు, నా అల్మారీకి రావాలె."

"మత్తున్నదా సాబ్?"

"మీ మామకు చాలినంత ఉన్నది."

నేను కుండ గడప మీదే దించేశాను. అయ్యగారి బండి ఈపాటికి వాగు దాటి ఉంటుంది. మళ్లీ కిస్మిస్ కావాలంటే మంచిర్యాల పోవాలి. దారోగా సాబ్ నా ముఖం చూసి లోపలికి కేకేశారు. పరదా వెనక నుంచి బేగం సాహెబా చేయి దానిమ్మ షర్బత్ సీసా అందించింది.

"దీంట్ల చుక్క మత్తు లేదు. దానిమ్మ, చక్కెర, అల్లా దయ. ఫికర్ చెయ్యకు, తీస్కపో. గా కుండ మాత్రం ఈడ పెట్టిపో."

అయ్యగారు బండి దిగగానే ఏదీ దాచకుండా చెప్పాను. ద్రాక్షావల్లి ఎక్కడ, దానిమ్మ ఎక్కడ అని నేను సణుగుతుంటే ఆయన సీసా మూత తీసి వాసన చూశారు.

"బైబిల్ల ప్రధాన యాజకుని అంగీ అంచుకు దేవుడు ఏ పండ్లు కుట్టించిండు?"

"దానిమ్మ పండ్లు అయ్యగారూ."

"మరి? కుట్టొచ్చు గని తాగొద్దా? పో, గిన్నెలు కడుగు." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగారు. "గా కుండ ఏమైంది?"

"దారోగా సాబ్ తీసుకున్నరు."

"పారబోయలే గద" అన్నారు. ఆ మాటలో ఏముందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

బల్ల దగ్గర మామ వంతు వచ్చింది. గిన్నె రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, పాత అలవాటు కొద్దీ ఒక్క గుటకలో ఎత్తేశాడు. గిన్నె అడుగు చూసుకుని, సంఘమంతా వినేలా, "గింతేనా?" అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి కొంగులు నోళ్లకు చేరాయి.

బయటికి రాగానే నా భుజం పట్టుకున్నాడు. "అల్లుడా, పొద్దుగాల గా వాసనకు పారిపోదామనుకున్నరా. తాగితే మళ్ల మొదలైతది, తాగకుంటే మీ అత్త రాదు. తీరా చూస్తే షర్బత్! అప్పుడెప్పుడో పెండ్లింట్ల నీళ్లను ద్రాక్షారసం చేసిన దేవుడు, నా కోసం సారను షర్బత్ చేసిండు."

జరిగింది విప్పి చెబుదామని నోరు తెరిచాను. ఆయన కళ్లలో నీళ్లు చూసి మూసుకున్నాను. ఆ నెల తిరక్కుండానే అత్త పిల్లలతో వచ్చింది. మామ మళ్లీ సారా ముట్టలేదు. తాగుడు మీద నేను చేసిన ప్రసంగాలన్నిటిలోకీ, ఆ పూట మింగేసిన ప్రసంగమే మంచిదని ఇప్పుడనిపిస్తుంది. పాపం, ఆ సంగతి గ్రహించడానికి ఆ కుర్ర పంతులుకు ఇంకా చాలా ఆదివారాలు పట్టాయి.