మనుషుల తాకిడి

తల్లి పోయాక ఆరాధనని అమ్మమ్మ కొండమ్మే తుంగలపాడు తెచ్చుకుని పెంచింది. మిరప కోతలకీ పత్తి తీతలకీ కూలికి వెళ్ళేది. మిగతా రోజుల్లో వాళ్ళిద్దరినీ ఊరి వెనకున్న తంపరే సాకేది. తంపరంటే ఎండాకాలంలో కూడా మోకాటి లోతు నీళ్ళుండే చిత్తడి నేల. నిలువెత్తు జమ్ము, దాని మొదట్లో నత్తలు, బురదలో మట్టగిడస చేపలు. కొండమ్మ జమ్ము కోసి చాపలల్లే వాళ్ళకి వేసేది, నత్తలు ఏరి బజార్లో అమ్మేది, తూటికూర తెచ్చి పప్పులో వేసేది. వాళ్ళుండే పేటలో సగంమంది ఆడవాళ్ళ బతుకు అదే.

ఆరాధన తొమ్మిదో తరగతిలో ఉండగా, సైన్స్ ఫెయిర్‌కి ఎవరేం చేస్తారని నజీరా టీచర్ అడిగింది. తంపరలో ఉండే జీవుల గురించి చేస్తానంది ఆరాధన. టీచర్ సంబరపడి ఫొటోలకి తన ఫోనే ఇచ్చింది. ఆ చలికాలం ప్రతి ఆదివారం ప్రార్థన అవగానే ఆరాధన అమ్మమ్మ వెంట నీళ్ళలోకి దిగేది. నీటికోళ్ళు, నీటికాకులు, ఎక్కడినుంచో వచ్చి వాలిన గూడబాతులు, అన్నిటినీ ఫొటో తీసింది. జమ్ములో గూడు కనిపిస్తే కొండమ్మ పిల్ల చెయ్యి పట్టి లాగేది.

"ఇటు తిరిగిపోదాం రా. తల్లి బెదిరిద్ది."

ఆవలి గట్టున వెంకయ్యగారి మిరప చేలు. పురుగుమందు కొట్టాక ట్యాంకులు తంపరలోనే కడిగేవాళ్ళు. అటు పక్క చేపలు తెల్లగా తేలడం, కొంగపిల్ల ఒకటి చచ్చి పడుండడం ఆరాధన చూసింది. ఫొటో కూడా తీసింది. చార్టులో 'పక్షులు తగ్గడానికి కారణాలు' అన్నచోట దాన్ని అంటించబోతే టీచర్ ఆపింది.

"వెంకయ్యగారు స్కూల్ కమిటీలో ఉన్నారమ్మా. మీ అమ్మమ్మ కూలికి పోయేదీ ఆయన చేలోకే కదా. ఎందుకొచ్చిన గొడవ?"

"మరి ఏం రాయమంటారు టీచర్?"

నజీరా ఆ ఫొటో తీసి పక్కన పెట్టింది. "మనుషుల తాకిడి అని రాయి. ఎవరి పేరూ రాదు."

మనుషుల తాకిడి వల్ల గూళ్ళు చెదిరిపోతున్నాయని ఆరాధన ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో గుండ్రంగా రాసింది.

జిల్లాలో మొదటి బహుమతి అటవీశాఖ అధికారి చేతుల మీదుగా వచ్చింది. పేపర్లో ఫొటో పడింది. పాస్టరు ఇమ్మానియేలుగారు ప్రార్థనలో ఆరాధన పేరు చెబితే కొండమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

వేసవిలో అటవీశాఖ జీపులొచ్చాయి. తంపరని పక్షుల రక్షిత ప్రాంతం చేశామన్నారు. పేట వైపు పొడవునా ముళ్ళకంచె వేసి, గేటు పెట్టారు. గేటు పక్క బోర్డు మీద ఆరాధన తీసిన గూడబాతు ఫొటో, కింద ఆమె పేరు. ఆవలి గట్టు వెంకయ్యగారి పట్టా భూమి కాబట్టి అటు కంచె లేదు. కాపలాకి ఊళ్ళోని కోటేష్‌నే పెట్టారు.

కొండమ్మ బుట్ట పట్టుకుని వెళితే అతను అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి పోగూడదు పిన్నీ. ఆర్డరు."

"ఎవరి ఆర్డర్రా? నేను పుట్టిన కాడ్నుంచీ దిగుతున్నా ఇందులో."

"నన్నడిగితే ఏం చెప్పేది? మీ పిల్ల రాసిందాన్ని బట్టే కంచె వేశారంట."

వాడేదో వేళాకోళమాడుతున్నాడనుకుంది కొండమ్మ. ఇంటికొచ్చి ఆరాధనకి చెప్పి నవ్వింది. ఆరాధనకి నవ్వు రాలేదు.

బడులు తెరిచాక, బహుమతి ఇచ్చిన ఆ అధికారి ఊళ్ళోకొచ్చిన రోజు ఆరాధన బడి మానేసి గేటు దగ్గర నిలబడింది. ఆయన గుర్తుపట్టి, భుజం తట్టి, పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగాడు.

"సార్, మా అమ్మమ్మా వాళ్ళని లోపలికి పోనివ్వండి. వాళ్ళు గూళ్ళ జోలికి పోరు."

"నువ్వే రాశావు కదమ్మా, మనుషుల తాకిడి అని. అది చదివాకే ఇటు కంచె అడిగాం."

"వీళ్ళు కాదు సార్. అవతల మందు ట్యాంకులు కడుగుతారు. దాంతో పక్షులు చస్తున్నయి."

ఆయన ముఖంలో కోపమేమీ లేదు. "అంత ముఖ్యమైన సంగతి చార్టులో రాయలేదే?" అన్నాడు.

టీచర్ పేరు ఆరాధన నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయన జీపెక్కాడు.

"ఏమన్నాడు సారు?" గుమ్మంలోనే అడిగింది కొండమ్మ.

"చూస్తానన్నాడు."

కంచె అలాగే ఉంది. మందు ట్యాంకులు ఎప్పటిలాగే కడుగుతున్నారు. పేట ఆడవాళ్ళు పంపు దగ్గర ఆరాధనని చూడగానే మాటలు ఆపేస్తున్నారు. పదో తరగతిలో నజీరా టీచర్ పిలిచి, ఈసారి రాష్ట్రస్థాయికి పంపుదామంది. తనకి రాదని చెప్పి ఆరాధన వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంది. టీచర్ రెండోసారి అడగలేదు.

కొండమ్మ ఇప్పుడు పేట ఆడవాళ్ళతో ఆటోలో గుంటూరు పోయి, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఇంటికొచ్చాక వేళ్ళ మంట తగ్గక చేతులు నీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూర్చుంటుంది. ఆరాధన అన్నం కలిపి నోట్లో పెడుతుంది. ఆటోలో ఎవరైనా తంపర ఊసెత్తి విసుక్కుంటే మాత్రం కొండమ్మ ఊరుకోదు.

"మా పిల్ల మాట్లాడింది. పెద్దసారు చూస్తానన్నాడు" అంటుంది.